మందు కలపకుండా తారాజువ్వ రంగులు: బల్ల మీద మంటకు రంగు తెప్పించడం ఎలా

తారాజువ్వ పైకెళ్లి పేలాక ఆకాశంలో ఎర్రగా, ఆకుపచ్చగా, ఊదాగా విచ్చుకునే చుక్కలున్నాయి చూడండి, బాణసంచా పని తెలిసినవాళ్లు వాటిని స్టార్లు అంటారు. ఎండబెట్టిన మందు గుళికలు అవి, కొన్ని శనగగింజంత, కొన్ని గోళీ అంత. వీటిని ఇంట్లో చేసుకోవచ్చా, జాగ్రత్తగా ఉంటే పర్వాలేదా అని దీపావళి దగ్గరపడేసరికి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ముఖ్యంగా ఇంటర్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసి మంట రంగు మారడం ఒకసారి కళ్లారా చూసిన పిల్లలు. సూటిగా చెప్తాను. మందు కలపడం ఇంట్లో చేసే పని కాదు, దాని పాళ్లు నేను ఇక్కడ రాయను. అయితే మీకు నిజంగా నచ్చింది ఆ రంగే అయితే, ఆ రంగు ఎందుకొస్తుంది, ఒక లోహానికి ఎరుపు ఇంకోదానికి ఆకుపచ్చ ఎందుకు అన్నదే మీ కుతూహలం అయితే, దానికి మందు అక్కర్లేదు. నాలుగైదు లవణాలు, ఒక నీలి మంట, ఒక పాత సీడీ ఉంటే చాలు, ఆకాశంలో చూసేదానికంటే ఎక్కువే చూడొచ్చు.

స్టార్‌లో ఉండేవి

ఆక్సిజన్ ఇచ్చే పదార్థం ఒకటి, మండే ఇంధనం ఒకటి, రంగునిచ్చే లోహ లవణం ఒకటి, చాలా రంగులకు క్లోరిన్ ఇచ్చేది ఇంకొకటి, అన్నింటినీ గుళికగా పట్టి ఉంచే జిగురు. అంతే. ఇందులో రంగు తెచ్చేది లోహ లవణం, దానికి తోడు క్లోరిన్. వేడికి ఆ లవణం ఆవిరై, మంటలో కొన్ని చిన్న చిన్న అణువులుగా మారి, పుచ్చుకున్న శక్తిని తమకే చెల్లిన రంగులో బయటికి వదులుతుంది. ప్రమాదమంతా మొదటి రెండింటిలో ఉంది, అంటే ఆక్సిజన్ ఇచ్చేదీ, ఇంధనమూ ఒకదానికొకటి ఆనుకుని ఉండటంలో. గాలిలో ఆక్సిజన్ కోసం ఎదురుచూడకుండా మండే పదార్థం అది, అందుకే మూత పెట్టినా ఆరదు, దుప్పటి కప్పినా ఆరదు.

మనం చేయబోయేది ఏమిటంటే ఆ రెండింటినీ తీసేసి వాటి బదులు గ్యాస్ మంట పెట్టడం. గ్యాస్ ఆపేస్తే మంట ఆగిపోతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి, రంగుల బాణసంచా అనేది మరీ పాతదేం కాదు. 1780ల్లో బెర్తొలే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పొటాషియం క్లోరేట్ తయారు చేశాక, 19వ శతాబ్దంలో దాన్ని బాణసంచాలోకి తెచ్చాకే ఇంత చిక్కటి రంగులు వచ్చాయి. అంతకుముందు సురేకారం, గంధకం, బొగ్గుతో చేసే మందులో నారింజ నిప్పురవ్వలూ తెల్లటి వెలుగూ తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. రంగుతో పాటు వచ్చిన కష్టం ఏమిటంటే క్లోరేట్ ఎంత చిక్కటి రంగునిస్తుందో అంత చిరాకు మనిషి లాంటిది, కాస్త రాపిడి చాలు. గంధకంతో కలిస్తే మరీ ఘోరం, తేమకు పుట్టే రవ్వంత ఆమ్లంతో తనంత తనే అంటుకోగలదు. అందుకే మన దేశంలో క్లోరేట్, గంధకం కలిసిన పేలుడు పదార్థాలను 1992లోనే నిషేధించారు.

"కొంచెమే కదా" అనే మాట గురించి

ఇంట్లో ఎవరూ కేజీలు కలపరు, చెంచాడు కలుపుతారు. చెంచాడు కూడా వేళ్లు పోవడానికి, కన్ను పోవడానికి సరిపోతుంది, ఎందుకంటే అది అంటుకునేటప్పుడు మీ చెయ్యి దానిమీదే ఉంటుంది, ముఖం దానికి జానెడు దూరంలో ఉంటుంది. మందు అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు, జల్లెడ పట్టేటప్పుడు రాపిడి, నూరేటప్పుడు దెబ్బ, చలికాలం పొడిగాలిలో సింథటిక్ బట్టలకు పుట్టే స్టాటిక్ కరెంటు, ఇవన్నీ చాలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లు రోజూ అదే పని చేసే మనుషులు. ఈ పని నేర్చినవాళ్లకే భద్రత ఇంత పలచనైతే, డాబా మీద వీడియో చూసుకుంటూ కలిపే వాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాల కింద లైసెన్సు లేకుండా బాణసంచా తయారు చేయడం నేరం, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. హాబీ అనే మినహాయింపు ఏమీ లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అక్కడ హాబీగా చేసేవాళ్ల సంఘాలు కనిపిస్తాయి, కానీ అక్కడా రాష్ట్రానికొక రూలు ఉంటుంది, ఆ సంఘాల్లో కూడా అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకుంటారే తప్ప అపార్ట్‌మెంట్ బాల్కనీలో మొదలుపెట్టరు.

అందుకని కింద చెప్పేదానిలో ఒక్క నియమం మాత్రం పట్టుదలగా పాటించండి: పేరు చివర నైట్రేట్, క్లోరేట్, పర్‌క్లోరేట్, పర్మాంగనేట్ అని ఉన్నది ఏదీ ఈ బల్ల దగ్గరికి రాకూడదు. అగ్గిపుల్లల తలలు గీకడం, టపాకాయలు విప్పి మందు తీయడం కూడా అదే లెక్క. అగ్గిపుల్ల తలలో ఉండేది పొటాషియం క్లోరేటే.

ఏమేం కావాలి

మంటకు అన్నిటికంటే మంచిది చిన్న క్యాంపింగ్ గ్యాస్ స్టవ్, లేదా ఎవరైనా స్కూలు ల్యాబ్‌లో చోటిస్తే బున్సెన్ బర్నర్. మంట నీలంగా ఉండాలి, పసుపు ఉంటే రంగులు తెలియవు. స్పిరిట్ ల్యాంప్ కూడా పనికొస్తుంది కానీ వెలుగు కాస్త పసుపు, వేడి కాస్త తక్కువ, పైగా అది వెలుగుతుండగా గానీ వేడిగా ఉండగా గానీ స్పిరిట్ పోయడం అనే పొరపాటుకు ఆస్కారం ఉంటుంది కాబట్టి పిల్లలున్న చోట గ్యాసే మేలు. వంటింటి స్టవ్ మీద మాత్రం వద్దు. మైలుతుత్తం చుక్కలు బర్నర్ రంధ్రాల్లో పడతాయి, రేపు దానిమీదే పాలు కాయాలి.

లవణాల్లో చాలావరకు మీ ఊళ్లోనే దొరుకుతాయి. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ఎరువుల దుకాణంలో బోర్డో మిశ్రమం కోసం అమ్ముతారు. బోరిక్ పౌడర్ మందుల షాపులో ఉంటుంది, క్యారమ్ బోర్డు మీద చల్లేది చాలావరకు అదే. కాల్షియం కోసం తాంబూలం సున్నం చాలు, దాన్ని కాస్త వెనిగర్‌లో కలిపి, పొంగు ఆగాక పైన తేరిన నీళ్లు తీసుకోండి. ఉప్పు ఇంట్లోనే ఉంది. పొటాషియంకు తెల్లటి మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు, అంటే పొటాషియం క్లోరైడ్. నవాసాగరం కళాయి వేసేవాళ్ల దగ్గరా, పచారీ కొట్లలోనూ అడగండి, దాని పని తర్వాత చెప్తాను. ఎరుపుకు మాత్రం కొంచెం తిరగాలి: స్ట్రాన్షియం క్లోరైడ్ ల్యాబ్ కెమికల్స్ దుకాణంలో చిన్న సీసాలో దొరుకుతుంది. అక్కడ స్ట్రాన్షియం నైట్రేట్ ఉంది తీసుకోండి, ఇంకా చవక అంటే వద్దనండి. అది ఆక్సిజన్ ఇచ్చే రకం.

బేరియం లవణాలు కొనకండి. బాణసంచాలో ఆకుపచ్చకు వాడేది బేరియమే, నిజం, కానీ నీళ్లలో కరిగే బేరియం లవణాలు గుండె లయను, కండరాలను దెబ్బతీసే విషం. బోరాన్‌తో, రాగితో మనకు ఆకుపచ్చ ఎలాగూ వస్తుంది. అలాగే లిథియం ఎర్రటి రంగు కోసం పాత ఫోన్ బ్యాటరీలు విప్పొద్దు.

ఇంకా కావలసినవి: మూతలున్న చిన్న గాజు సీసాలు, కాగితం పుల్ల ఉన్న ఇయర్‌బడ్స్ (ప్లాస్టిక్ పుల్లవి కాదు), ఐస్‌క్రీమ్ పుల్లలు, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు కాబట్టి సీసా మీద పేరు చదివి తీసుకోండి. మామూలు కుళాయి నీళ్లు ఎందుకు వద్దంటే వాటిలో సోడియం ఉంటుంది, రవ్వంత సోడియం ఉన్నా మంటంతా పసుపు చేసి మిగతా రంగులను మింగేస్తుంది. కళ్లద్దాలు, అంటే సేఫ్టీ గ్లాసెస్, చేతికి గ్లవ్స్. ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక.

ద్రావణాలు

గాజు సీసాలో 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కి ఒక చిన్న చెంచా లవణం సరిపోతుంది. బోరిక్ పౌడర్ అంత కరగదు, సగం చెంచా తీసుకుని వేడినీళ్లలో కలపండి. ఒక్కో సీసాకు ఒక్కో చెంచా, ఒక్కో పుల్ల, ఒకదానిది ఇంకోదానిలో పెట్టకూడదు. ప్రతి సీసా మీదా పేరు రాసి, "విషం, తాగరాదు" అని కూడా రాయండి, ఎందుకంటే మైలుతుత్తం నీళ్లు చూడటానికి నీలం షర్బత్‌లా ఉంటాయి, ఇంట్లో చిన్నపిల్లలుంటే అదొక టెన్షన్. వాడిన గిన్నెలు, చెంచాలు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. ఇనుము, అల్యూమినియం పాత్రల్లో మైలుతుత్తం కలిపితే లోహంతోనే చర్య జరిగి అడుగున ఎర్రటి రాగి పేరుకుంటుంది, గాజో ప్లాస్టిక్కో వాడండి. బోరిక్ పౌడర్ పిల్లల చేతికి, గర్భిణుల చేతికి ఇవ్వకండి.

ఐస్‌క్రీమ్ పుల్లలను రాత్రంతా ద్రావణంలో నానబెడితే లవణం లోపలికి ఇంకుతుంది, అప్పుడు పుల్ల వెంటనే కాలిపోకుండా కొన్ని సెకన్లు మంచి రంగునిస్తుంది. అంత ఓపిక లేకపోతే ఇయర్‌బడ్ ముంచి తడిగానే పెట్టొచ్చు. ఎప్పటికీ పనికొచ్చేది కావాలంటే కరెంటు స్టవ్ కాయిల్ తీగ, అదే నైక్రోమ్, ఎలక్ట్రికల్ షాపులో కొని బెత్తెడు ముక్క కోసి కొనలో చిన్న ఉంగరంలా వంచి, రెండో కొనను చెక్క క్లిప్పుకు బిగించండి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు: గిన్నెలో లవణం పోసి దానిమీద స్పిరిట్ గానీ మెథనాల్ గానీ పోసి వెలిగించడం. వీడియోల్లో ఇంద్రధనస్సు ప్రయోగం అని చూపిస్తారు, చూడటానికి చాలా అందంగా ఉంటుంది. మంట తగ్గింది కదా అని సీసాలోంచి ఇంకాస్త పోయబోతే ఆవిరి అంటుకుని సీసా నుంచి మంట ముందు కూర్చున్నవాళ్ల మీదికి ఎగజిమ్ముతుంది. అమెరికాలో స్కూళ్లలో, మ్యూజియంలో ఇలాగే పిల్లలు కాలి, 2014లో అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. శానిటైజర్ వాడినా అదే కథ, పైగా దాని మంట పగటివెలుగులో కనిపించదు కూడా.

మంటలో పెట్టడం

సాయంత్రం చీకటి పడ్డాక, గాలి ఆడే చోట, వరండాలోనో పెరట్లోనో పెట్టుకోండి. నూలు బట్టలు, జుట్టు ముడి, చున్నీ పైట లాంటివి వేలాడకుండా. మంట వెనక నల్ల గుడ్డ గానీ నల్ల చార్టు గానీ నిలబెడితే రంగు రెట్టింపు తెలుస్తుంది, అది మంటకు రెండు మూడు అడుగుల దూరంలో ఉండాలి.

వరస ముఖ్యం. మొదట ఖాళీ పుల్ల, అంటే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో ముంచింది పెట్టి చూడండి, అప్పుడు మంట సొంత రంగు ఎంతో, పుల్ల రంగు ఎంతో తెలుస్తుంది. తర్వాత బోరిక్, తర్వాత మైలుతుత్తం, తర్వాత స్ట్రాన్షియం, సున్నం, పొటాషియం, చిట్టచివర ఉప్పు. ఉప్పు ముందు పెట్టారంటే ఆ రాత్రికి అంతా పసుపే, బల్ల మీద, వేళ్ల మీద, గాలిలో ఉన్న సోడియం పోదు. పుల్ల కొనను మంట మధ్యలో కాకుండా నీలి మంట అంచున, కింది భాగంలో పెట్టండి, రంగు పైకి పాకుతుంది. చెక్కే కాలడం మొదలైతే తీసి నీళ్ల బకెట్‌లో ముంచేయండి.

బోరాన్ లేత ఆకుపచ్చ, కళ్లకు చాలా హాయిగా ఉంటుంది. రాగి కొంచెం నీలం కలిసిన ఆకుపచ్చ. స్ట్రాన్షియం పెట్టగానే మీకు తెలిసిపోతుంది, అది తారాజువ్వ ఎరుపే, కాస్త పలచన అంతే. సున్నంది ఇటుక రంగు, రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది గానీ ఒక్కటే చూస్తే ల్యాబ్‌లో విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. పొటాషియం లేత ఊదా, సోడియం ఏ కొంచెం కలిసినా కనపడదు. దాన్ని చూడటానికి ల్యాబుల్లో వాడే నీలి కోబాల్ట్ గాజు దొరికితే దానిగుండా చూడండి, పసుపును అది ఆపేస్తుంది.

నైక్రోమ్ తీగ వాడేవాళ్లు ఒక్కో లవణం తర్వాత దాన్ని వెనిగర్‌లో ముంచి మంటలో పెట్టి, రంగేమీ రాని దాకా ఇలా తిప్పి తిప్పి చేయాలి. విసుగ్గానే ఉంటుంది, కానీ శుభ్రం లేని తీగతో చూసింది ఏదీ నమ్మలేం.

నీలం రంగు

బాణసంచాలో అన్నిటికంటే కష్టమైన రంగు నీలం. మంచి నీలం స్టార్ చేయగలిగినవాడికి ఆ పనిలో గౌరవం ఉంటుంది. కారణం మీ బల్ల మీదే చూడొచ్చు. రాగి మంటలో ఆక్సిజన్, హైడ్రోజన్‌తో జతకడితే వచ్చేది ఆకుపచ్చ, దాని తరంగదైర్ఘ్యం, అంటే వెలుగు రంగును చెప్పే కొలత, సుమారు 525 నుంచి 555 నానోమీటర్ల మధ్య. అదే రాగి క్లోరిన్‌తో జతకడితే 430 నుంచి 460 మధ్య నీలం, ఊదా పట్టీలు వస్తాయి. ఈ రాగి క్లోరైడ్ అణువు సున్నితమైంది, మంట మరీ వేడెక్కితే విడిపోతుంది, అందుకే వేడి పెంచితే వెలుగు పెరుగుతుంది గానీ నీలం పోతుంది. వేడి తగ్గిస్తే నీలం ఉంటుంది గానీ వెలుగు చాలదు. ఈ రెండింటి మధ్య ఇరుకు దారిలో నడవాలి.

చూడాలంటే, పాత కరెంటు వైరు నుంచి రాగి తీగ తీసి, పైనున్న ప్లాస్టిక్ పూర్తిగా ఒలిచేసి (ప్లాస్టిక్ కాలిస్తే వచ్చే పొగ చెడ్డది), నవాసాగరం ద్రావణంలో ముంచి మంటలో పెట్టండి. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్, అందులో క్లోరిన్ ఉంది. మొదటి కొన్ని సెకన్లు మంట అంచు నిజమైన నీలంగా వెలిగి, క్లోరిన్ అయిపోగానే ఆకుపచ్చలోకి జారిపోతుంది. ఆ మార్పు ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను, మళ్లీ మళ్లీ ముంచి చూస్తారు. తెల్లటి పొగ కాస్త వస్తుంది, గొంతు పట్టేస్తుంది, కాబట్టి ఇది బయటే చేయండి, ఉబ్బసం ఉన్నవాళ్లు దూరంగా ఉండండి.

సీడీతో స్పెక్ట్రోస్కోప్

ఇక్కడి నుంచి అసలు మజా. కంటికి రెండు ఎరుపులు ఒకేలా కనిపించొచ్చు, స్పెక్ట్రోస్కోప్‌కి, అంటే వెలుగును దానిలోని రంగులుగా విడదీసి చూపే పరికరానికి, అలా కనిపించవు.

పాత మ్యూజిక్ సీడీ, వెండి రంగుది తీసుకోండి. పేరు రాసి ఉండే వైపు బ్లేడుతో ఒక గీత గీసి, ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి లాగితే వెండి పొర ఊడొస్తుంది, మిగిలేది స్వచ్ఛమైన ప్లాస్టిక్. దాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచి తీసి కత్తెరతో అంచు వైపు నుంచి మూడు సెంటీమీటర్ల ముక్క కోయండి, అంచున గాడులు కాస్త తిన్నగా ఉంటాయి. సీడీ గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, ఆ గాడులే రంగులను విడదీస్తాయి.

అట్టపెట్టె, లోపల నల్ల కాగితం. పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు కూడా అంతే ఉంటే మంచిది. ఒక వైపు గోడ మీద, ఎదుటి గోడ వైపు నుంచి చూస్తే కుడి అంచుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో, నిలువుగా సన్నటి చీలిక పెట్టాలి. అట్టలో కోసింది గరుకుగా ఉంటుంది, రెండు బ్లేడు ముక్కల అంచులు ఎదురెదురుగా, మధ్యలో విజిటింగ్ కార్డు మందం ఖాళీతో అంటించండి. ఎదుటి గోడ మీద, చీలికకు సరిగ్గా ఎదురుగా, చిన్న కిటికీ కోసి సీడీ ముక్కను గాడులు నిలువుగా ఉండేలా అతికించండి. అంతే, కిటికీకి కన్ను ఆనించి చీలికను మంట వైపు తిప్పి, చూపు కాస్త ఎడమకు తిప్పితే రంగుల పట్టీ కనిపిస్తుంది.

పెట్టె లోపల చీలిక ఉన్న గోడ మీద స్కేలు కూడా గీసుకోవచ్చు. 20 సెంటీమీటర్ల పెట్టెలో, చీలిక నుంచి ఎడమకు సుమారు 6 సెంటీమీటర్ల దగ్గర 460 నానోమీటర్ల నీలం, 7.3 దగ్గర 546 ఆకుపచ్చ, 7.9 దగ్గర 589 పసుపు, 9.2 దగ్గర 670 ఎరుపు పడతాయి. సరిచూసుకోవడానికి పాత సీఎఫ్ఎల్ బల్బు బంగారం లాంటిది: అందులోని పాదరసం 436, 546 దగ్గర గీతలు ఇస్తుంది, ఎర్రటి గీత 611 దగ్గర. బల్బు వెలిగించి చూస్తే చాలు, విప్పడం, పగలగొట్టడం చేయకండి. సూర్యుడి వైపు మాత్రం పెట్టె ఎప్పుడూ తిప్పకండి, కన్ను పోతుంది. పగటి వెలుతురు చూడాలంటే తెల్లగోడ వైపు తిప్పండి.

ముందు ఏ లవణమూ లేకుండా నీలి గ్యాస్ మంటనే చూడండి. దాని లోపలి శంకువులో ఆకుపచ్చ, నీలం పట్టీలు వస్తాయి, 516 దగ్గర ఒకటి స్పష్టంగా, అవి జంట కార్బన్ అణువులవి. రోజూ వంటింట్లో చూసే నీలం లోపల ఇంత ఉందా అనిపిస్తుంది. ఉప్పు పెడితే ఒకే ఒక్క పసుపు గీత, 589 దగ్గర కత్తితో గీసినట్టు. నిజానికి అవి రెండు, 589.0, 589.6, మన అట్టపెట్టె వాటిని విడదీయలేదు. సున్నానికి ఒక నారింజ పట్టీ, దానికి దూరంగా ఆకుపచ్చ పట్టీ. స్ట్రాన్షియంకు 605 నుంచి 680 దాకా నారింజ, ఎరుపు పట్టీల గుంపు, వాటికి ఎంతో దూరాన 461 దగ్గర ఒంటరిగా ఒక నీలి గీత. ఎర్రటి మంటలో నీలం దాక్కుని ఉందని కంటితో ఎవరూ చెప్పలేరు! బోరాన్‌కు ఆకుపచ్చలో వరసగా మసక పట్టీలు.

ఉప్పు ఇచ్చిన ఆ పసుపు గీతకు మన నేలతో సంబంధం ఉంది, చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు కోస్తా మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మచిలీపట్నంలో, స్పెక్ట్రోస్కోపులతో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను చూశారు. ఆ జ్వాలల్లో కనిపించిన పసుపు గీతను మొదట సోడియందే అనుకున్నవాళ్లున్నారు. కానీ అది సోడియం గీతలకు కొంచెం పక్కన, 587.6 దగ్గర ఉంది. ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అది భూమ్మీద ఎవరికీ తెలియని మూలకానిది అన్నాడు, అదే హీలియం, 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త భూమ్మీద దాన్ని పట్టుకున్నాడు. మీరు ఉప్పు పుల్ల పెట్టి చూసే గీతకు ఒకటిన్నర నానోమీటర్ దూరంలో గుంటూరు గీత ఉందన్నమాట. గుంటూరు, మచిలీపట్నం పిల్లలకు స్కూల్లో ఇది ప్రయోగం చేసి మరీ చెప్పాలి.

ఫోన్‌తో ఫోటో తీయాలంటే ఆటో మోడ్ పనికిరాదు, రంగులను తెలుపు వైపు లాగేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ 5500 దగ్గర ఆపి, ఐఎస్ఓ 400, షట్టర్ 1/30 నుంచి మొదలుపెట్టి, మంట తెల్లగా పేలిపోతుంటే తగ్గించుకుంటూ రండి.

దీపావళి రాత్రి

పెట్టె కూడా అక్కర్లేదు, ఆ సీడీ ముక్క ఒక్కటి చాలు. దూరాన ఆకాశంలో స్టార్ అనేది చిన్న వెలుగు చుక్క కాబట్టి అదే తనకు చీలిక. ముక్కను కంటి ముందు పెట్టుకుని, పేలిన చోటికి పక్కగా ఇరవై డిగ్రీలు చూపు తిప్పితే ప్రతి చుక్కా తన రంగుల పట్టీతో పాటు కనిపిస్తుంది. పసుపు స్టార్ అయితే పట్టీ బదులు మళ్లీ పసుపు చుక్కే, అచ్చు గుద్దినట్టు. ఎరుపుది చిన్న చిన్న ముక్కలుగా సాగుతుంది. తెల్లటి స్టార్లు, కాకరపువ్వొత్తుల ఇనుప రవ్వలు అయితే తెగని ఇంద్రధనస్సు, ఎందుకంటే అక్కడ మెరిసేది ఆవిరి కాదు, ఎర్రగా కాలిన లోహపు నలుసులు. పక్కవీధి వాళ్లు కాల్చే స్కై షాట్లు దూరం నుంచి చూడటమే దీనికి ఇంకా బాగుంటుంది.

మీరే కాల్చేటట్లయితే పెట్టె మీద గ్రీన్ క్రాకర్ ముద్ర చూసి కొనండి. బేరియం లవణాలు వాడొద్దని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2021లో మళ్లీ గట్టిగా చెప్పింది. పేలనిదాన్ని మళ్లీ వెలిగించకండి, కాసేపు ఆగి దూరం నుంచి నీళ్లు పోయండి.

సర్దేటప్పుడు

కాల్చిన పుల్లలన్నీ నీళ్ల బకెట్‌లో పూర్తిగా తడిశాకే చెత్తలో వేయండి, లోపల నిప్పు ఉండిపోతుంది. ఉప్పు, సున్నం, పొటాష్ నీళ్లు మోరీలో పోసినా నష్టం లేదు. మైలుతుత్తం నీళ్లు మాత్రం పోయకండి, చేపలకు అది తీవ్రమైన విషం, సీసాలోనే మూత పెట్టి వచ్చే ఏడాదికి దాచుకోండి, పారేయాల్సి వస్తే గాజుసీసాలో ఎండబెట్టి, పేరు రాసి, ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. సీసాలన్నీ పిల్లలకు అందని అరలో, తాళం వేసి. గ్యాస్ డబ్బా స్టవ్ నుంచి విప్పి, ఎండ తగలని చోట పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నానికి కూర్చోండి.